రికార్డుకెక్కినవారూ, ఎక్కనివారూ

తెలుగులో "రికార్డు" అనే మాటను మనం కనీసం మూడు అర్థాల్లో వాడుతున్నాం. తహసీల్దారు కచేరీలో బీరువాలకెత్తిన దస్త్రం రికార్డు. గ్రామఫోను మీద తిరిగే నల్లటి ప్లేటు రికార్డు. ఆటలో ఒకడు నెలకొల్పి మరొకడు బద్దలుకొట్టే అంకె కూడా రికార్డే. అరువు తెచ్చుకున్న మాటే అయినా, మన రైతుకు దీని బరువు బాగా తెలుసు. దున్నేవాడి పేరు అడంగల్లో లేకపోతే, ముప్పై ఏళ్లు దున్నినా ఆ భూమి అతనిది కాదు. జాజ్ సంగీతం, బేస్‌బాల్ ఆట, వీటి రెంటినీ భక్తితో సేకరించే అభిమానులు - ఈ మూడింటిని గూర్చి రాయబోతూ అడంగల్‌ను ఎందుకు ఎత్తుకున్నానో పాఠకులు పోను పోను గ్రహించగలరు.

జాజ్ అనగానే మనవాళ్లలో కొందరు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. అది హోటళ్లలో పానగోష్ఠుల సంగీతమనీ, డబ్బున్నవాడి మత్తుకు తాళమనీ వాళ్ల అభిప్రాయం. ఈ అభిప్రాయానికి పెద్ద అండ ఒకటి వుంది. మనమంతా గురువుగా భావించే మక్సీమ్ గోర్కీ 1928 ఏప్రిల్‌లో "ప్రావ్దా"లో ఒక వ్యాసం రాశాడు. దాని పేరును తెలుగులో "బొజ్జలవాళ్ల సంగీతం" అనవచ్చు. ఇటలీలో ఆయన వున్న ఇంటి పక్క హోటల్‌నుంచి రేడియోలో రాత్రిపూట వచ్చే నృత్యసంగీతం ఆయన చెవిని బాధించింది. ఆ బాధలోంచి పుట్టిన వ్యాసం అది. తరువాత చాలాకాలం సోవియట్ దేశంలో జాజ్‌ను తిట్టదలచిన ప్రతివాడికీ అది వేదవాక్యమైంది. 1936లో అడోర్నో మారుపేరుతో రాసిన వ్యాసం వేరే దారినుంచి బయలుదేరి సుమారుగా అక్కడికే చేరింది. జాజ్‌లో స్వేచ్ఛగా కనబడేదంతా అచ్చుపోసిన సరుకేనని ఆయన వాదన.

గోర్కీ మీద గౌరవం ఏమాత్రం తగ్గించుకోకుండానే ఒక మాట అడగవచ్చు: ఆయన విన్నది ఎవరి సంగీతం? బొజ్జలవాళ్ల హోటల్లో బొజ్జలవాళ్ల కోసం వాయించింది విన్నాడు. ఆ వ్యాసం వెలువడిన రెండు నెలల పది రోజులకు, 1928 జూన్ 28న, షికాగో నగరంలో ఓకే అనే కంపెనీ కోసం ఆరుగురు నల్లజాతి వాద్యకారులు మూడు నిమిషాలు మించి కొద్ది సెకండ్లపాటు వాయించిన "వెస్ట్ ఎండ్ బ్లూస్"ను ఆయనకు ఎవరైనా వినిపించివుంటే ఏమనేవాడో మనకు తెలియదు. ఒక కళను తిట్టేముందు దాని శ్రోత ఎవరు, దాని కర్త ఎవరు, మధ్యనున్న బేరగాడు ఎవరు అని మూడు వేర్వేరు ప్రశ్నలు వేసుకోవాలి. గోర్కీ శ్రోతను చూసి కర్తను అంచనా కట్టాడు. అడోర్నో బేరగాణ్ణి చూసి అంచనా కట్టాడు.

కమ్యూనిస్టు చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ ఈ పొరపాటు చేయలేదు. 1959లో ఆయన "ది జాజ్ సీన్" అనే పుస్తకాన్ని ఫ్రాన్సిస్ న్యూటన్ అనే మారుపేరుతో అచ్చువేశాడు. ఆ పేరు ఉత్తుత్తిది కాదు. ఫ్రాంకీ న్యూటన్ అనే నల్లజాతి ట్రంపెట్ వాద్యకారుడి పేరునుంచి తీసుకున్నది. ఈ న్యూటన్ దగ్గరకు మళ్లీ రావలసి వుంది.

ఇక బేస్‌బాల్ ఎక్కడనుంచి వచ్చిందంటారా? "జాజ్" అనే మాట అచ్చులో మొదట కనబడ్డది సంగీతం పుటల్లో కాదు, ఆటల పుటల్లో. 1912లో లాస్ ఏంజెలెస్ పత్రిక ఒకటి, బెన్ హెండర్సన్ అనే బౌలరు - బేస్‌బాల్ భాషలో పిచ్చరు - తన వంకర బంతికి పెట్టుకున్న ముద్దుపేరుగా ఈ మాటను అచ్చువేసింది. మరుసటేడు శాన్‌ఫ్రాన్సిస్కో పత్రికలో ఆటల విలేఖరి ఒకడు దీన్ని ఊపు, ఉత్సాహం, చేవ అనే అర్థంలో పదే పదే వాడాడు. సంగీతానికి ఈ పేరు అంటుకున్నది 1915 ప్రాంతంలో, షికాగోలో. కాబట్టి జాజ్ అభిమాని ఒక చేత్తో రికార్డూ మరొక చేత్తో బేస్‌బాల్ లెక్కల పుస్తకమూ పట్టుకుని కూర్చోవడం వింత చాదస్తమేమీ కాదు. ఆ దేశంలో ఇటువంటివాళ్లు వేలమంది. వాళ్లకు ఇష్టమైన రికార్డుల జాబితాలు వుంటాయి, ఇష్టమైన ఆటగాళ్ల జాబితాలు వుంటాయి. జాబితా వేయనిదే వాళ్లకు నిద్రపట్టదు. నా మటుకు జాబితాలమీద అంత మోజు లేదుగాని, జాబితాలో చేరనివాళ్లమీద వుంది.

బడ్డీ బోల్డెన్‌ను తీసుకోండి. న్యూ ఆర్లియన్స్‌లో 1900 ప్రాంతాల కార్నెట్ వాయించినవాడు. ఆయన వాయిద్యం విని పెరిగినవాళ్లంతా ఆయననే మొదటివాడిగా చెప్పుకున్నారు. 1907లో మతి చలించి లూసియానా రాష్ట్రపు పిచ్చాసుపత్రిలో చేరి, 1931లో అక్కడే పోయాడు. ఆయన వాయిద్యం ఒక్క క్షణం కూడా రికార్డులో లేదు. మైనపు గొట్టం మీద ఒకసారి పట్టారని వదంతి వుండేది. తరతరాల సేకర్తలు వెదికారు, దొరకలేదు. జాజ్ పేరుతో మొదటి రికార్డు 1917 ఫిబ్రవరిలో తయారైంది. వాయించినవాళ్లు ఐదుగురూ తెల్లవాళ్లు. పుట్టినవాడొకడు, పట్టా పుచ్చుకున్నవాడొకడు.

నల్లవాళ్ల గొంతులో బ్లూస్ పాట ప్లేటుకెక్కడానికి మరో మూడేళ్లు పట్టింది. 1920లో మేమీ స్మిత్ పాడిన "క్రేజీ బ్లూస్" విపరీతంగా అమ్ముడుపోయేసరికి, నల్లవాళ్ల చేతిలో కూడా డబ్బులుంటాయని కంపెనీలకు జ్ఞానోదయమైంది. అప్పుడు "రేస్ రికార్డులు" అని వేరే పట్టీ, వేరే నంబర్లు, వేరే ప్రకటనలు పెట్టారు. ఊరికి అవతల వేరే బావి తవ్వించినట్టు. వాయించినవాళ్లలో ఎక్కువమందికి పక్కకింత అని రొక్కం ఇచ్చి పంపారు. అమ్మకాల్లో వాటా లేదు. 1921లో హారీ పేస్ అనే నల్లజాతి వర్తకుడు బ్లాక్ స్వాన్ అనే సొంత కంపెనీ పెట్టాడు. దాని నిర్వాహకుల్లో మహామేధావి డబ్ల్యు. ఇ. బి. డుబాయ్ కూడా వున్నాడు. కాని పెద్ద కంపెనీల పోటీ ముందు అది మూడేళ్లు తిరక్కుండానే చతికిలబడి, దాని సరుకు పారమౌంట్ కంపెనీ చేతుల్లోకి పోయింది.

ఇండియానా రాష్ట్రంలో రిచ్మండ్ అనే ఊళ్లో పియానోలు చేసే ఒక కార్ఖానావాళ్లు జెనెట్ అనే పేరుతో రికార్డులు తీసేవారు. పక్కనే రైలుపట్టాలు. రైలు పోతున్నంతసేపూ వాయిద్యం ఆపవలసిందే. 1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బృందం అక్కడికే వచ్చి వాయించింది. అందులో రెండో కార్నెట్‌గా ఇరవై ఒక్కేళ్ల లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ వున్నాడు. అప్పటికింకా మైకు లేదు. అందరూ ఒక పెద్ద బూరా ముందు నిలబడి వాయించాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ ధ్వని మిగతావాళ్లను మింగేస్తున్నదని అతణ్ణి దూరంగా నిలబెట్టారని ఆ బృందంలోనే పియానో వాయించిన లిల్ హార్డిన్ తరువాత చెప్పింది. ఆ రోజుల్లోనే అదే కార్ఖానా, డబ్బిచ్చినందుకు, కూ క్లక్స్ క్లాన్‌వాళ్ల పాటలు కూడా ప్లేట్లు పోసి ఇచ్చింది. పెట్టుబడికి సంగీతంలో రాగద్వేషాలు లేవనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఆ ప్లేట్లు దేనితో చేశారో కూడా చెప్పుకోవాలి. 78 రికార్డును గట్టిగా పట్టివుంచే పదార్థం లక్క. ఆ లక్కలో పెద్దభాగం మన దేశంనుంచి, ముఖ్యంగా ఛోటానాగపూర్ అడవుల్లో ఆదివాసులు మోదుగ, రేగు చెట్ల కొమ్మలమీదనుంచి గీకి తెచ్చిన లక్కనుంచి పోయినదే. ఏటికొప్పాక బొమ్మమీద నిగనిగలాడే లక్కకు అక్కచెల్లెలే అది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఊదిన ఊపిరి అడవి బిడ్డలు గీకిన జిగురులో ముద్రపడింది. ఆయనకు వాటా సరిగా ముట్టలేదు. వీళ్ల పేరైతే ఏ పట్టీలోనూ లేనేలేదు.

"వెస్ట్ ఎండ్ బ్లూస్" సంగతి కొంత వివరంగా చెప్పాలి. పాట కింగ్ ఆలివర్ కట్టినది. ఆర్మ్‌స్ట్రాంగ్ బృందం అది. ఆ బృందం స్టూడియో బయట దాదాపు లేనేలేదు; రికార్డు కోసమే కూడి, రికార్డు కాగానే విడిపోయేది. మొదట తాళం లేదు, తోడు లేదు. ట్రంపెట్ ఒక్కటే పన్నెండు పదమూడు సెకండ్లపాటు మెట్లు మెట్లుగా పైకెక్కి, మెలికలు తిరుగుతూ కిందికి దిగుతుంది. మన సంగీతం ఎరిగినవాడికి అది ఆలాపనలాగే వినిపిస్తుంది. కాని ఆలాపన రాగాన్ని విప్పుతుంది, ఇది తలుపును గుద్ది తెరుస్తుంది. ఆపైన పన్నెండు ఆవర్తాల బ్లూస్ చట్రం నింపాదిగా మొదలవుతుంది. ట్రాంబోన్ ఒక వరుస వాయిస్తుంటే, జుట్టీ సింగిల్టన్ చిన్న తాళాలను గుర్రపు డెక్కల చప్పుడులా మోగిస్తుంటాడు. తరువాత క్లారినెట్ ఒక మాట అంటుంది, ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు దానికి బదులిస్తుంది. మాటలు లేవు, అక్షరాలు మాత్రమే. పొలంలో నాట్లు వేసేటప్పుడు ఈ గట్టునుంచి ఒకామె అంటే ఆ గట్టునుంచి మరొకామె అందుకున్నట్టుంటుంది. పైకి ఎంత మెత్తగా వున్నా ఈ సవాలు-జవాబు పద్ధతి పత్తిచేలల్లో, రైలుపట్టాల పనిలో కూలీలు పాడుకున్న పాటల పద్ధతే. ఎర్ల్ హైన్స్ పియానో ఒక వరుస. ఆఖరు వరుసలో ట్రంపెట్ తిరిగి వచ్చి, పైస్థాయిలో ఒకే స్వరాన్ని పట్టుకుని దాదాపు నాలుగు ఆవర్తాలు వదలదు. కింద చట్రం కదిలిపోతూ వుంటుంది, స్వరం మాత్రం నిలబడే వుంటుంది. వదిలినప్పుడు అది జలజలమని రాలుతుంది. చివర సింగిల్టన్ తాళం ఒక్క చిటుకు.

ఇంత విస్తారం మూడు నిమిషాల పైచిలుకులో ఎట్లా పట్టింది? పది అంగుళాల ప్లేటుమీద అంతకు మించి స్థలం లేదు. మన విద్వాంసులకు కూడా ఆ రోజుల్లో ఇదే ఇరుకు వచ్చింది. గంటసేపు పాడవలసిన రాగాన్ని నిమిషంలో సూచించి కీర్తన అందుకునేవారు. ఇరుకు కొందరిని నలిపేసింది, కొందరిచేత పద్యంలాంటి బిగువు రాబట్టింది. ఆర్మ్‌స్ట్రాంగ్ రెండో కోవలోవాడు. ఇరుకు పెట్టినవాడు వర్తకుడు. పద్యం రాసినవాడు కళాకారుడు. అడోర్నో వర్తకుణ్ణి సరిగ్గా గుర్తుపట్టి పద్యాన్ని వినలేకపోయాడని నా ఆరోపణ.

సేకర్తల విషయానికి వద్దాం. కంపెనీలు ఈ రికార్డులను అమ్ముడుపోయినంతకాలం అమ్మి, ఆపైన మూలరేకులను పాతసామాను కింద కట్టేశాయి. వీటిని బతికించినవాళ్లు పిచ్చివాళ్లవంటి అభిమానులు. పాతసామాన్ల కొట్లలో, నల్లవాళ్ల వాడల్లో ఇల్లిల్లూ తిరిగి, అటకలమీద దుమ్ములో పడివున్నవాటిని ఏరి తెచ్చారు. 1936లో పారిస్‌లో షార్ల్ దెలోనే "హాట్ డిస్కోగ్రఫీ" అనే పుస్తకం తెచ్చాడు. ఏ రికార్డు ఏనాడు, ఏ ఊళ్లో, ఎవరెవరు వాయించారు అనే పట్టిక అది. కంపెనీలు చాలాసార్లు వాద్యకారుల పేర్లు వేసేవి కావు. అందుచేత ఈ సేకర్తలు పట్టీ పక్కన ముద్రపడిన నంబరు చదివి, విని విని, ఈ క్లారినెట్ ఫలానావాడిదని తేల్చవలసి వచ్చింది. ఒకే పాటకు రెండు మూడు ప్రయత్నాలు మిగిలివుంటే వాటి తేడాలు గుర్తించారు. తాళపత్ర ప్రతుల్లో పాఠభేదాలు చూసి ప్రక్షిప్తాలు ఏరిన మన పరిష్కర్తల శ్రమకు ఇది ఏమీ తీసిపోదు. న్యూయార్క్‌లో కామడోర్ అనే రికార్డుల కొట్టు నడిపిన మిల్ట్ గేబ్లర్, పాత రికార్డులు తిరిగి అచ్చువేయించినప్పుడు వాద్యకారులందరి పేర్లూ పట్టీమీద వేశాడు. చూడ్డానికి చిన్న పని. కూలివాడి పేరు మేస్త్రీ పేరు పక్కన వేయడం ఎంత చిన్న పనో అంత చిన్న పని.

అయితే సేకర్తను ఆకాశానికెత్తనక్కరలేదు. అతని భక్తి ఒక్కొక్కప్పుడు చరిత్రను తన కోరికకు తగినట్టు వంచుతుంది. 1930ల చివర కొందరు సేకర్తలు న్యూ ఆర్లియన్స్ ఆదికాలపు సంగీతం కోసం వెదుకుతూ, లూసియానాలో ఒక మారుమూల ఊళ్లో బంక్ జాన్సన్ అనే ముసలి ట్రంపెట్ వాద్యకారుణ్ణి పట్టుకున్నారు. పళ్లు లేవు, వాయిద్యమూ లేదు. పళ్లు కట్టించారు, ట్రంపెట్ ఇప్పించారు, 1942లో రికార్డు చేశారు. ఆ పళ్లు కట్టిన దంతవైద్యుడు మహావిద్వాంసుడు సిడ్నీ బెషే అన్నగారే కావడం సరదా అయిన సంగతి. బంక్ తాను 1879లో పుట్టాననీ, బోల్డెన్ పక్కన వాయించాననీ చెప్పాడు. వాళ్లు కళ్లకద్దుకున్నారు. ఆయన తన పుట్టుకను సుమారు పదేళ్లు వెనక్కి జరిపాడని తరువాతి పరిశోధకులు తేల్చారు. మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో నన్నెచోడుని "కుమారసంభవము" వెలికితీసి, ఆయన నన్నయకన్న ముందరివాడన్నప్పుడు మన సాహిత్యలోకంలో లేచిన గాలిదుమారం తెలిసినవాళ్లకు ఇది కొత్తకాదు. కవిగారు లేకపోతే ఆ కావ్యమే మనకు దక్కేది కాదు. అట్లాగని కాలనిర్ణయం ఒప్పుకోవలసిన పనీ లేదు. బంక్ విషయమూ అంతే. ముసలాయన తన వయసు గురించి కోసినా, ఆ ట్రంపెట్ మాత్రం నిజం పలికింది.

ఇందులో పెద్ద ప్రమాదం వేరే వుంది. ఆ సేకర్తల్లో కొందరికి 1920లనాటి జాజ్ తప్ప మరేదీ జాజ్ కాకుండాపోయింది. నల్లజాతి యువకులు హార్లెమ్‌లో కొత్త సంగీతం సృష్టిస్తుంటే, వీళ్లు చెవులు మూసుకున్నారు. ఇతరుల గతాన్ని ప్రేమించి, ఇతరుల వర్తమానాన్ని నిరాకరించే ఈ రోగం సేకర్తలకే కాదు, మనలో జానపద సాహిత్యాన్ని ఆరాధిస్తూ జానపదుణ్ణి గుమ్మంలో నిలబెట్టే పండితులకూ వుంది.

ఆ కొత్త సంగీతం పుట్టుక రికార్డుకెక్కకపోవడానికి కారణం కూడా చెప్పుకోదగినది. 1942 ఏప్రిల్‌లో, యుద్ధం కారణంగా లక్క దిగుమతి కష్టమై, రికార్డులకు వాడే లక్కను అమెరికా ప్రభుత్వం నూటికి డెబ్బై వంతులు కోసేసింది. అదే ఏడు ఆగస్టు 1న సంగీతకారుల యూనియన్ రికార్డింగు సమ్మెకు దిగింది. రేడియోలో, హోటళ్లలో రూపాయి వేస్తే పాడే పెట్టెల్లో మోగే రికార్డు, బతికున్న వాద్యకారుడి నోటి దగ్గర కూడు తీస్తున్నదనీ, కంపెనీలు నిరుద్యోగ వాద్యకారుల నిధికి వాటా చెల్లించాలనీ యూనియన్ కోరింది. డెక్కా 1943లో దిగివచ్చింది. విక్టర్, కొలంబియా 1944 నవంబరు దాకా బిగుసుకు కూర్చున్నాయి. ఈ మధ్యకాలంలోనే ఛార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ ఇద్దరూ ఎర్ల్ హైన్స్ బృందంలో కలిసి వాయించారు. ఆ బృందం అప్పుడు వాయించిన కొత్త సంగీతానికి రికార్డు లేదు. 1945 నవంబరులో రికార్డయిన పార్కర్ "కో కో" వెలువడినప్పుడు, మధ్య అధ్యాయాలు చదవకుండా ఆఖరి అధ్యాయం తెరిచినట్టు లోకం నివ్వెరపోయింది.

జాజ్ చరిత్రకారులు కొందరు ఈ సమ్మెను తలుచుకుని నిట్టూరుస్తారు. నష్టం నిజమే. కాని సేకర్తకు ఒక రికార్డు దక్కలేదని వాద్యకారుడు పస్తు పడుకోవలసింది అనడానికి నాకు నోరు రాదు. శ్రోత లాభం, శ్రామికుడి లాభం ఎల్లవేళలా ఒకటే అనుకోవడం మనబోటి అభిమానుల సుఖమైన భ్రమ.

బేస్‌బాల్ మన క్రికెట్టుకు దూరపు చుట్టం. గుండ్రటి కర్ర, నాలుగు మూలల బాట, తొమ్మిదిమంది ఆటగాళ్లు, తొమ్మిది ఇన్నింగ్సు. ఆటకన్న ఆట లెక్కలమీద అక్కడివాళ్లకు మమకారం. పత్రికల్లో అచ్చయ్యే స్కోరు పట్టికను స్థిరపరచిన హెన్రీ ఛాడ్విక్ ఇంగ్లండులో పుట్టి క్రికెట్ వార్తలు రాసినవాడే. ఆ పట్టికలో ఎవడెన్ని కొట్టాడో కాదు, ఎవడెన్ని తప్పులు చేశాడో కూడా వుంటుంది. ఇంత నిక్కచ్చి అయిన లెక్కల పుస్తకంలో అరవై ఏళ్లపాటు ఒక జాతి మొత్తానికి పుట లేకపోయింది. పందొమ్మిదో శతాబ్దం చివరనుంచి 1947 దాకా పెద్దలీగుల్లో నల్లవాళ్లకు ప్రవేశం లేదు. నిషేధమని ఎక్కడా రాసిపెట్టలేదు; పెద్దమనుషుల ఒప్పందం. అంటరానితనానికి కూడా రిజిస్టరు దస్తావేజు ఏమీ లేదుకదా!

1920లో కాన్సస్ సిటీలో రూబ్ ఫాస్టర్ నీగ్రో నేషనల్ లీగును స్థాపించాడు. తాను స్వయంగా గొప్ప పిచ్చరు, యజమాని, నిర్వాహకుడు. బోల్డెన్‌లాగే ఈయన కూడా మతి చెడి, ఆసుపత్రిలోనే 1930లో పోయాడు. సంగీతంలో ఒకడు, ఆటలో ఒకడు. పునాది వేసిన ఇద్దరికీ ఒకే చావు. కాన్సస్ సిటీలో నల్లవాళ్ల వాడ పద్దెనిమిదో వీధి, వైన్ వీధి కలిసే చోటు. మొనార్క్స్ జట్టు ఆటగాళ్లూ, కౌంట్ బేసీ బృందంవాళ్లూ అక్కడి హోటళ్లలోనే కలుసుకునేవారు. తెల్లవాళ్ల హోటళ్లలో ఇద్దరికీ చోటు లేదు. నేడు అక్కడ ఒకే భవనంలో జాజ్ ప్రదర్శనశాల, నీగ్రో లీగుల ప్రదర్శనశాల పక్కపక్కన వున్నాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా 1931లో సొంతవూరు వెళ్లినప్పుడు ఒక కుర్రజట్టుకు దుస్తులన్నీ కొనిచ్చాడు. జట్టు ఫోటోలో దొరగారిలా నవ్వుతూ నిలబడ్డాడు.

ఈ లీగుల్లో జాష్ గిబ్సన్ అనే బ్యాటరు వుండేవాడు. 1972లో ఆయన పేరు కీర్తిమందిరంలో చేర్చినప్పుడు, పలకమీద దాదాపు 800 హోమ్‌రన్లు అని చెక్కారు. అయితే లీగు ఆటలు ఏడాదికి అరవయ్యో ఎనభయ్యో. మిగతా రోజుల్లో ఊరూరా తిరిగి, పొట్టకోసం ఎవరితో పడితే వాళ్లతో ఆడేవారు. తెల్లవాళ్ల దినపత్రికలు ఈ ఆటల స్కోరు వేయవు. "షికాగో డిఫెండర్", "పిట్స్‌బర్గ్ కొరియర్" వంటి నల్లవాళ్ల వారపత్రికలు దొరికినంత వేశాయి. దశాబ్దాల తరువాత జీతం భత్యం లేని అభిమానులు గ్రంథాలయాల్లో ఆ పాత పత్రికలు తిరగేసి, ఒక్కొక్క ఆటే ఏరి, లెక్క కట్టారు. దెలోనే రికార్డులకు చేసిన పనే ఇది. 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ, 1920-1948 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగులనూ పెద్దలీగులుగా గుర్తిస్తున్నామని ప్రకటించింది. 2024 మేలో ఆ లెక్కలు అధికారిక పట్టికలో చేర్చారు. గిబ్సన్ జీవిత సగటు .372 అయింది. అంతవరకు మొదటిస్థానంలో వున్న టై కాబ్ సగటు .367. గిబ్సన్ 1947 జనవరిలో, ముప్పై అయిదో ఏట పోయాడు. అప్పటికి జాకీ రాబిన్సన్ డాడ్జర్స్ జట్టులో అడుగుపెట్టడానికి ఇంకా మూడు నెలలు కూడా లేదు.

దీనిమీద గొడవ లేచింది. తక్కువ ఆటల్లో వచ్చిన సగటును ఎక్కువ ఆటల సగటుతో పోల్చవచ్చునా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కాని రెండో ప్రశ్న ఎవరూ అంత గట్టిగా అడగలేదు: కాబ్ తన అంకెలను, దేశంలోని మేటి పిచ్చర్లలో కొందరిని గేటు బయట నిలబెట్టిన లీగులో సంపాదించాడుకదా, ఆ అంకెల పక్కన ఇన్నాళ్లూ చుక్కగుర్తు ఎందుకు పెట్టలేదు? కొరత వున్నది గిబ్సన్ లెక్కలోనే అనుకోవడం అలవాటైపోయింది. "గుర్తిస్తున్నాం" అనే మాటలో కూడా ఒక దొరతనం వుంది. గుర్తించే హక్కు నీకు ఎవరిచ్చారని మొదట అడగాలి.

రాబిన్సన్ 1947 ఏప్రిల్ 15న ఆడిన ఆటను గురించి చాలామంది రాశారు. దాని వెనుక పోరాటాన్ని గురించి తక్కువ. 1936నుంచి కమ్యూనిస్టు దినపత్రిక "డైలీ వర్కర్"లో ఆటల సంపాదకుడు లెస్టర్ రాడ్నీ ఈ వర్ణనిషేధంమీద వరసగా రాశాడు. 1943 డిసెంబరులో పాల్ రోబ్సన్ జట్ల యజమానుల సమావేశంలో నిలబడి తలుపు తెరవమని అడిగాడు. తలుపు తెరిచాక, 1949 జూలైలో, అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం అదే రాబిన్సన్‌ను పిలిపించి, రోబ్సన్‌కు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పించుకుంది. సరిగ్గా ఆ నెలలోనే కౌంట్ బేసీ బృందం, రాబిన్సన్ కొట్టిన దెబ్బ చూశావా అని అడిగే హుషారు పాటను రికార్డు చేసింది! 1972లో అచ్చయిన ఆత్మకథలో రాబిన్సన్, రోబ్సన్‌మీద తన గౌరవం ఏళ్లు గడిచినకొద్దీ పెరిగిందని రాసుకున్నాడు. రాబిన్సన్‌ను తీసుకున్నందుకు డాడ్జర్స్ యాజమాన్యం మొనార్క్స్‌కు దమ్మిడీ చెల్లించలేదు. పెద్దలీగులు ఆటగాళ్లను తీసుకున్నాయి; ఆ జట్లను, మేనేజర్లను, గుమాస్తాలను, లెక్క పుస్తకాలను వీధిలో వదిలేశాయి. పదిహేనేళ్లలో నీగ్రో లీగులు అంతరించాయి. కెన్ బర్న్స్ చిత్రమాల "బేస్‌బాల్" (1994) ఈ కథను బాగానే చెప్పింది. ఆయన "జాజ్" (2001) మాత్రం పదిభాగాల్లో తొమ్మిదింటిని మొదటి ఆరు దశాబ్దాలకు ఇచ్చి, చివరి నలభై ఏళ్లను ఒక్క భాగంలో చుట్టేసింది. పాత సేకర్తల రోగమే, ఈసారి టెలివిజన్‌కు పట్టింది.

సేకరణ ఎక్కడికి పోతుందో చూడండి. 1909-11 మధ్య సిగరెట్టు పెట్టెల్లో పెట్టి ఇచ్చిన హోనస్ వాగ్నర్ బొమ్మ అట్టముక్క 2022లో 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే నెలలో మికీ మాంటిల్ అట్టముక్క ఒకటి 1 కోటి 26 లక్షలు పలికింది. కొన్నవాడు దాన్ని చూసి ఆనందిస్తాడో, బ్యాంకు లాకరులో పెట్టి మరుస్తాడో చెప్పలేం. 78 రికార్డులను సామాన్య జనం వినడానికి అందుబాటులో పెట్టిన ఒక గ్రంథాలయంమీద 2023లో పెద్ద కంపెనీలు దావా వేశాయి, తరువాత రాజీపడ్డాయి. ఒకనాడు వాటిని పాతసామాను కింద తోసేసిన పరిశ్రమే ఇది. అక్కడి చట్టం ప్రకారం "వెస్ట్ ఎండ్ బ్లూస్" రికార్డు 2029 జనవరి 1న గాని ప్రజల సొత్తు కాదు.

ఫ్రాంకీ న్యూటన్ దగ్గరకు వస్తానన్నాను. చెట్టుకు వేలాడే నల్లవాడి శవాన్ని గురించి అబెల్ మీరోపోల్ అనే కమ్యూనిస్టు బడిపంతులు రాసిన "స్ట్రేంజ్ ఫ్రూట్" పాటను, బిల్లీ హాలిడే 1939లో రికార్డు చేయదలచింది. ఆమె కంపెనీ కొలంబియా ఒప్పుకోలేదు. దాన్ని వేసినవాడు కామడోర్ కొట్టు గేబ్లర్ - ఆ వాద్యకారుల పేర్లు అచ్చువేసిన సేకర్తే. పాట మొదలయ్యేముందు చాలాసేపు వాద్యాలే వుంటాయి. అందులో మ్యూటు బిగించిన ట్రంపెట్ న్యూటన్‌ది. ఏడుపు లేదు, ఆవేశం లేదు. సాక్షి బోనెక్కినట్టు నిలకడగా వుంటుంది.

నాకు మిక్కిలి ఇష్టమైన రికార్డు చెప్పమంటే మాత్రం, జాన్ కోల్ట్రేన్ "అలబామా" అంటాను. 1963 సెప్టెంబరు 15న బర్మింగ్‌హామ్ పట్టణంలో నల్లవాళ్ల చర్చిమీద బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. రెండు నెలల మూడు రోజుల తరువాత ఈ వాద్యం రికార్డయింది. కింద పియానో ఒక చోటే గుడగుడమంటూ వుంటుంది. పైన శాక్సఫోను శోకించకుండా, అరవకుండా, ఒక్కొక్క మాటే పేర్చి చెబుతుంది. మధ్యలో లయ కాసేపు నడక పట్టి, సగంలో జారిపోతుంది. మళ్లీ మొదటి మాటలే వస్తాయి, ఈసారి కింద ఎల్విన్ జోన్స్ డ్రమ్ములు ఉడుకుతూ. అదే బర్మింగ్‌హామ్‌లో 1910లో కట్టిన రిక్‌వుడ్ మైదానం వుంది. తెల్ల బేరన్సూ నల్ల బేరన్సూ వేర్వేరు రోజుల్లో ఆడిన మైదానం. 1948లో పదిహేడేళ్ల విల్లీ మేస్ నల్ల బేరన్స్‌లో ఆడాడు. 2024లో లెక్కలు సవరించినప్పుడు ఆ ఏటి 10 హిట్లు కలిసి, ఆయన మొత్తం 3,293 అయింది. జూన్ 18న ఆయన పోయాడు. రెండు రోజుల తరువాత ఆ మైదానంలోనే నీగ్రో లీగుల జ్ఞాపకార్థం పెద్దలీగు ఆట ఒకటి జరిగింది. టెలివిజన్‌వాళ్లు రెజీ జాక్సన్‌ను పిలిచి ఆ ఊరికి తిరిగి రావడం ఎట్లా వుందని అడిగారు. సరదా జ్ఞాపకాలు చెబుతాడనుకున్నారు కాబోలు. 1967లో అక్కడ ఆడినప్పుడు ఏ హోటలు తనకు అన్నం పెట్టలేదో, ఏ వసతిగృహం గది ఇవ్వలేదో, వేలెత్తి చూపుతూ ఏ మాట అన్నారో ఆయన నిదానంగా, ఒక్కొక్కటే, దేశమంతా వింటుండగా చెప్పాడు.